గదిలో సైకిలు, గాలిలో సైకిలు

1899 జూన్ 30వ తేదీన అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో చార్లెస్ మర్ఫీ అనే సైకిలు పందెగాడు ఒక సాహసం చేశాడు. రైలు పట్టాల నడుమ చెక్క పలకలు పరిపించి, ముందు పరుగెత్తుతున్న రైలుపెట్టెను వెన్నంటి సైకిలు తొక్కి, మైలు దూరాన్ని 57.8 సెకన్లలో దాటాడు. అంటే గంటకు వంద కిలోమీటర్ల వేగమన్న మాట. ఆ పెట్టె వెనుక భాగాన, అతనికి గాలి తగలకుండా, ఒక గూడు వంటిది అమర్చారు. ఆ గూడు లేకపోతే మర్ఫీ ఆ వేగం దరిదాపులకు కూడా పోగలిగేవాడు కాడు. చదునైన నేల మీద సైకిలు తొక్కేవానికి ప్రధాన ప్రత్యర్థి గాలి అని ఆనాడు లోకానికంతటికీ తెలిసివచ్చింది.

గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోయేవాని శ్రమలో మూడింట రెండు వంతులకు పైగా గాలిని చీల్చుకొని పోవడానికే వ్యయమవుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలి కోసం వెచ్చించవలసిన శక్తి ఎనిమిది రెట్లు కావాలి. ఎదురుగాలిలో సైకిలు తొక్కి బడికి పోయిన ప్రతి పల్లెటూరి పిల్లవానికీ ఈ సూత్రం భౌతికశాస్త్ర పుస్తకం తెరవకముందే కాళ్లకు తెలుసు.

ఈ ప్రత్యర్థిని పూర్తిగా తొలగించి, నాలుగు గోడల మధ్య సైకిలు తొక్కించే యంత్రం ఇప్పుడు మన నగరాలలో కూడా కనిపిస్తున్నది. దీనిని స్మార్ట్ ట్రెయినర్ అంటారు. వ్యాయామశాలలలోని కదలని సైకిలుకూ దీనికీ తేడా ఉంది. ఇందులో మన సొంత సైకిలునే వాడతాం. వెనుక చక్రాన్ని ఊడదీసి, చైనును యంత్రానికి తగిలిస్తాం. లోపల ఒక బరువైన ఇనుప చక్రం తిరుగుతూ ఉంటుంది; విద్యుదయస్కాంతాలు దానిని అవసరమైనంత బలంతో వెనక్కు పట్టి ఉంచుతాయి. ఎదుట ఉన్న తెర మీద కొండ వస్తే పెడలు బిగుసుకుంటుంది, పల్లం వస్తే వదులవుతుంది. మనం వెచ్చిస్తున్న శక్తి ఎన్ని వాట్లో క్షణక్షణమూ లెక్క తెలుస్తుంది. ఇంటర్‌నెట్ ద్వారా ఎక్కడెక్కడి వారో అదే ఊహాలోకపు దారిలో మనతోపాటు తొక్కుతుంటారు.

ఈ ఊహాలోకంలో మన బరువెంతో మనమే యంత్రానికి చెప్పుకోవాలి. నాలుగు కిలోలు తగ్గించి చెప్పినవానికి కొండ ఆ మేరకు తేలికవుతుంది! 2019లో బ్రిటన్ జాతీయ స్థాయి ఇంటర్‌నెట్ సైకిలు పందెంలో గెలిచిన ఒకాయన బిరుదును నిర్వాహకులు రద్దు చేశారు. ఆ ఊహాలోకంలో కొంత దూరం తొక్కితేనే లభించే ఒక మేలురకం సైకిలు ఉంది. ఆ దూరాన్ని ఆయన బదులు కంప్యూటరు కార్యక్రమమొకటి తొక్కిపెట్టింది. లేని సైకిలు కోసం లేని ప్రయాణం చేయించిన ఈ ఉదంతం చదివినప్పుడు నవ్వాలో విచారించాలో తెలియదు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఏది మేలు?

శరీరానికి సంబంధించినంతవరకు గదిలోని శ్రమ నిజమైన శ్రమే. అయితే అందులో ఒక చిక్కు ఉంది. అది వేడి. మనిషి శరీరం అంత పొదుపరి యంత్రం కాదు. పెడలు మీద 150 వాట్ల శక్తి చూపాలంటే లోపల దానికి నాలుగైదు రెట్లు దహనం జరగాలి. మిగిలినదంతా వేడిగా మారుతుంది. అంటే ఓ మోస్తరుగా తొక్కుతున్న మనిషి దాదాపు 500 వాట్ల వేడిని వెలువరిస్తుంటాడు. చిన్న గదిలో అయిదు వంద వాట్ల బల్బులు వెలిగించినట్లే. ఆ వేడినంతటినీ చెమట ఆర్చివేయాలంటే గంటకు ముప్పావు లీటరు చెమట ఆవిరి కావాలి. కారితే చాలదు, ఆవిరి కావాలి. నేల మీద మడుగు కట్టిన చెమట శరీరాన్ని చల్లబరచదు.

రోడ్డు మీద పోయేవానికి ఈ సేవ గాలి ఉచితంగా చేసిపెడుతుంది. మనలను వెనక్కు నెట్టే ఆ ప్రత్యర్థే మనకు విసనకర్ర కూడా. గదిలో ప్రత్యర్థితోపాటు విసనకర్రా పోయింది. అప్పుడు గుండె మీద రెండు బాధ్యతలు పడతాయి: కాళ్లకు రక్తం అందించాలి, వేడిని బయటికి పంపడానికి చర్మానికీ అందించాలి. చెమటతో ఒంట్లోని నీరు తగ్గే కొద్దీ ఆ పని మరింత కష్టమవుతుంది. అందువల్ల కాళ్లు చేస్తున్న పని మారకపోయినా నాడి వేగం మెల్లమెల్లగా పెరిగిపోతుంది. బయట అవలీలగా చూపగలిగిన శక్తిని గదిలో చూపలేక చాలామంది యంత్రాన్ని అనుమానిస్తారు. యంత్రం సరిగానే ఉండవచ్చు, లోపం గాలిది కావచ్చు. విశాఖపట్నం, చెన్నై, ముంబయి వంటి తీరప్రాంత నగరాలలో, గాలిలో తేమ ఎక్కువైన నెలలలో, ఈ ఇబ్బంది రెట్టింపు. అక్కడ ఎదురుగా పెద్ద స్టాండు ఫ్యాను పెట్టుకోవడం విలాసం కాదు, అవసరం. నలభై దాటిన వారు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా మూసిన గదిలో గంటల తరబడి ఈ సాధన చేయరాదు.

రెండవ తేడా విశ్రాంతిది. రోడ్డు మీద పల్లం వస్తుంది, ఎర్రదీపం వస్తుంది, అడ్డంగా ఎద్దుల బండి వస్తుంది, కాళ్లు క్షణమాగుతాయి. గదిలో ఆ వెసులుబాటు తక్కువ. అందుకే గదిలో నలభై నిమిషాలు కాలానికి మించిన శ్రమ అనిపిస్తుంది. ఉద్యోగాలతో, పిల్లలతో సతమతమయ్యే వారికి ఇది వరమే. నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా అని కొలిచి తొక్కడం మన నగరాల రోడ్ల మీద అసాధ్యం. గదిలో అతి సులభం.

ఇంత శాస్త్రీయమైన సాధన మనిషిని సైకిలు వీరునిగా తయారు చేయగలదా? ఇందుకు ఇద్దరు ఆస్ట్రేలియనుల కథలు చెప్పుకోవాలి.

మొదటివాడు మాథ్యూ హేమన్. 2016 ఫిబ్రవరి చివర బెల్జియంలో ఒక పందెంలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అతడు జీవితమంతా కలలు గన్న పారిస్-రూబే పందేనికి అప్పటికి ఆరు వారాలే గడువు. రోడ్డు మీద తొక్కడం వైద్యరీత్యా కుదరదు. దాంతో ఇంట్లో కారు పెట్టుకొనే షెడ్డులో, స్మార్ట్ ట్రెయినర్ మీద వారాల తరబడి సాధన చేశాడు. ఏప్రిల్ 10న, అతడు ఆ పందెంలో పాల్గొనడం పదిహేనవసారి. 250 కిలోమీటర్లకు పైబడిన దారి. అందులో యాభై కిలోమీటర్లకు పైగా ఎగుడుదిగుడు రాళ్లు పరచిన బాట. నాలుగుసార్లు విజేత అయిన టామ్ బూనెన్‌ను చివరి క్షణాలలో దాటి, 37 ఏళ్ల హేమన్ గెలిచాడు. ఈ కథను ట్రెయినర్లు అమ్మేవారు ఎంతో ఇష్టంగా చెబుతారు. ఆ రాళ్లబాటను హేమన్ అంతకుముందు పద్నాలుగుసార్లు ఎదుర్కొన్నాడన్న సంగతిని మాత్రం అంత గట్టిగా చెప్పరు. గది అతని కాళ్లను కాపాడింది. రాళ్ల మీద చక్రాన్ని నిలిపే విద్య అతనికి ముందే ఉంది.

రెండవవాడు జే వైన్. 2020లో ఇంటర్‌నెట్ సైకిలు సంస్థ ఒకటి నడిపిన ఎంపిక పోటీలో నెగ్గి, దాని బహుమతిగా యూరప్‌లోని ఒక వృత్తి బృందంలో చోటు సంపాదించాడు. 2022లో స్పెయిన్ దేశపు మహాయాత్ర వువెల్తాలో, రెండు దశలలో కొండ శిఖరాల మీద అందరికంటె ముందు నిలిచాడు. కొండలెక్కడంలో మేటికి ఇచ్చే చొక్కా అతని ఒంటి మీదనే ఉంది. పద్దెనిమిదవ దశలో పడిపోయి పందెం నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఆ పాటుకు గదిలోని సాధనే కారణమని ఎవరూ అనలేరు. రోడ్డు మీదనే పుట్టి పెరిగిన వారూ పడతారు. కాని ఊపిరితిత్తులు, తొడలు ఎంత గొప్పవైనా, గుంపులో సైకిలు నడపడం వేరే విద్య అనే మాట నిలుస్తుంది. 2020 డిసెంబరులో మొట్టమొదటి ఇంటర్‌నెట్ సైకిలు ప్రపంచ పోటీలో పురుషుల విజేత జేసన్ ఆస్బర్న్ అసలు వృత్తి పడవ నడపడం! గదిలో పడవవానికీ సైకిలువానికీ భేదం అంతగా చెరిగిపోతుంది.

ఆ వేరే విద్య ఏమిటి? కుడికి తిరగబోయేవాని చేతులు అతనికి తెలియకుండానే ఒక్క క్షణం హ్యాండిలును ఎడమకు నెడతాయి. అప్పుడే సైకిలు కుడికి వాలుతుంది. బిగించిన ట్రెయినర్ మీద సైకిలు వాలదు, కనుక ఈ నేర్పు అక్కడ పుట్టదు. బ్రేకుకు అక్కడ పనే లేదు. వెనుక లారీ హారను మోత నుంచి అది ఎంత దగ్గరలో ఉన్నదో పసిగట్టడం, ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకోబోతున్నదని ఊహించడం, వానకు నిండిన గుంట లోతు చూపుతో కొలవడం ఏ తెరా నేర్పదు. ఆరు నెలలు గదిలో తొక్కి, బలిసిన కాళ్లతో మొదటిసారి జాతీయ రహదారి ఎక్కేవానిని చూస్తే నాకు భయం వేస్తుంది. అతని కాళ్లకు ముప్పై అయిదు కిలోమీటర్ల వేగం తెలుసు. చేతులకు ఇరవై కూడా తెలియదు.

ఈ భయం ఊరకే కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో సైకిలు మీద పోతున్న వారు నాలుగు వేల పైచిలుకు.

గాలి మాటేమిటి? తొక్కేవాడు మామూలుకంటె అయిదారు రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాడు. గాలిలోని అతి సూక్ష్మమైన ధూళి ఘనపు మీటరుకు రోజు సగటున 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశపు హద్దు 60. ఢిల్లీ శీతకాలంలో అది 300 దాటిన రోజులున్నాయి. అయితే కలుషితమైన గాలిలో వ్యాయామమే వద్దని దీని అర్థం కాదు. 2016లో కేంబ్రిడ్జి తదితర విశ్వవిద్యాలయాల పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం, ఈ ధూళి సగటు 100 ఉన్న ఊరిలో కూడా రోజుకు గంటన్నర తొక్కిన తరువాతనే కీడు మేలును మించుతుంది. కనుక మామూలు రోజులలో భయపడి గదిలో దాక్కోనక్కరలేదు. పొగమంచు కమ్మిన దినాలలో మాత్రం బయటికి పోవడం శౌర్యం అనిపించుకోదు. అటువంటప్పుడు గదియే శరణ్యం. కాని ఇక్కడొక పొరపాటు జరుగుతుంటుంది. కిటికీలు మూసినంతమాత్రాన ఆ ధూళి ఆగదు. సందులలోనుంచి లోపలికి చేరుతుంది. గాలి శుద్ధి చేసే యంత్రం లేని గదిలో గట్టిగా తొక్కేవాడు బయటి గాలినే, కొంచెం ఆలస్యంగా, పీలుస్తున్నాడు.

అసలు ఈ లోపలా బయటా అన్న మీమాంస కొద్దిమందిది. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో పనికి సైకిలు మీద పోయేవారు రెండున్నర కోట్లకు పైనే. పాలవాడు, తాపీ మేస్త్రీ, కర్మాగారపు కార్మికుడు పొగమంచులోనూ తొక్కుతారు, మండుటెండలోనూ తొక్కుతారు. సైకిలుకు ప్రత్యేక దారి కావాలని మనం అడిగేటప్పుడు ఆదివారపు వ్యాయామంకంటె ముందు వారి సోమవారం గుర్తుకు రావాలి.

యంత్రం కొన్నవారు దానిని వారంలో రెండు మూడు రోజులకు పరిమితం చేసి, కనీసం ఒక ఉదయమైనా బయటికి పోవాలని నా అభిప్రాయం. తొలినాళ్లలో తెల్లవారిన వెంటనే, వెలుగు వచ్చాక, వాహనాలు పెరగకముందే బయలుదేరండి. ఖాళీ మైదానంలో రెండు బ్రేకులూ కలిపి పట్టి ఎంత దూరంలో ఆగగలరో చూసుకోండి. వెనక్కు తిరిగి చూస్తున్నప్పుడు సైకిలు గీత తప్పకుండా పోతున్నదో లేదో పరీక్షించుకోండి. గదిలో చూసిన అంకెలను ఇంట్లోనే వదలి రండి, అవి ఇక్కడ సరిపోలవు.

హైదరాబాదు బాహ్య వలయ రహదారి పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి ఒకటి తెరిచారు. దాని మీద సూర్యరశ్మితో విద్యుత్తు తయారుచేసే పలకలతో పైకప్పు వేశారు. ఎండ తగలదు, వాన అంతగా పడదు, లారీలు దాని మీదికి రావు. గదికీ రోడ్డుకూ మధ్య మెట్టు వంటి ఇటువంటి దారి, కొత్తగా బయటికి వచ్చేవారికి మంచి బడి. పక్కలు తెరిచే ఉన్నాయి కనుక ఎదురుగాలి మాత్రం నిరాటంకంగా వీస్తుంది.