బరీలో వచ్చిన బ్రష్షు

ఈసారి మేకప్ బ్రష్షు గురించి రాస్తున్నాను. నవ్వకండి, దీని వల్ల మా ఇంట్లో ఒక షాదీ ముచ్చట కాస్తా ఏడుపుదాకా వెళ్ళింది.

మా చెల్లెలి కూతురి నిఖాకి పెళ్ళికొడుకు వాళ్ళు పంపిన బరీ సామానులో బట్టలు, అత్తరుతో పాటు బ్రష్షుల సెట్టు, చిన్న డబ్బాలో మినరల్ బ్లష్ వచ్చాయి. బుగ్గలకు వేసుకునే గులాబీరంగు విడి పొడి అది. అందరం మాషా అల్లా అంటూ చూస్తుంటే మా ఫుప్పు ఒక బ్రష్షు తీసి వేలితో రుద్ది, "ఇది సువ్వర్ బాల్, బయట పారెయ్యండి" అంది. పిల్ల ముఖం పాలిపోయింది. డబ్బా మీద 'నేచురల్ హెయిర్' అని ఉంది కానీ, ఏ జంతువుదో లేదు.

ఫుప్పుది ఉత్త వహం అని కొట్టిపారేయను. పంది వెంట్రుకల బ్రష్షులు నిజంగానే ఉన్నాయి. తల దువ్వేవాటిలో, షేవింగ్ బ్రష్షుల్లో, గోడకు రంగులు వేసేవాటిలో అవి వాడతారు, బిరుసుగా ఉంటాయి కాబట్టి. ముఖం బ్రష్షులకు మామూలుగా మేక, ఉడుత, గుర్రం వెంట్రుకలు వాడతారు. గుచ్చుకునేదాన్ని బుగ్గకెవరు పెట్టుకుంటారు? మన హనఫీ ఫిఖ్‌లో పంది తప్ప మిగతా జంతువుల వెంట్రుక పాక్. కాబట్టి ప్రతి బ్రష్షూ హరామ్ అంటూ వాట్సాప్‌లో తిప్పేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. 'అంత చూడక్కర్లేదులే' అనేవాళ్ళ మాటా ఒప్పుకోను. హిదాయాలో తోలు కుట్టేవాళ్ళకు పంది వెంట్రుక వాడుకునే ఇజాజత్ ఉంది, జరూరత్ వల్ల. అప్పట్లో వాళ్ళకు ఇంకోటి లేదు. మనకు సింథటిక్ ఉంది కదా, మరి జరూరత్ ఏది?

ఊడిన వెంట్రుక ఒకటి పట్టుకారుతో స్టవ్ మంటలో పెట్టి చూశాం. సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. ఇది జుట్టు కాలిన వాసన కొట్టి బూడిదైంది. అంటే జంతువుదే, కానీ ఏ జంతువుదో మంట చెప్పదు కదా. మా చెల్లెలు భయపడుతూనే సమ్‌ధన్‌కి ఫోన్ చేసింది. ఆవిడ, "నేనూ డబ్బా అందం చూసి కొన్నాను బెహన్, నిశ్చింతగా మార్చేయండి" అంది. అడగడానికి మేము పడ్డ భయమే ఎక్కువ.

బ్లష్ మూత తీస్తే ఆ రంగు నాకు ఎక్కడో చూసినట్టే అనిపించింది. మా అమ్మీ వాళ్ళిల్లు పాత పోస్టాఫీసు దగ్గర. బైలదిల్లా నుంచి రైళ్ళలో వచ్చే ఇనుప ఖనిజం పోర్టులో ఓడలకెక్కుతుంటే, ఆ ఎర్ర దుమ్ము మా కిటికీల మీద వాలేది. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడే, బ్లష్ ఎరుపూ అదే. కాకపోతే ముఖానికి వాడేది ఫ్యాక్టరీలో శుద్ధంగా తయారుచేసింది. తళుకు మైకాది, మన గూడూరు గనుల్లో దొరికేదే. తెలుపు టైటానియం డయాక్సైడ్‌ది. ఆ టైటానియం ఉండే ఇల్మనైట్ భీమిలి నల్ల ఇసుకలోనూ ఉంది. ఇవన్నీ మన దగ్గర మట్టిలో ఉన్నవే.

కిటికీ దుమ్మును గుడ్డతో అదిమి రుద్దితే ఎర్రగా అంటుకుంటుందని, ముందు పైపైన దులపాలని అమ్మీ తిట్టేది. విడి పొడి బ్లష్‌కూ అదే లెక్క. ఇందులో పట్టి ఉంచే జిగురు లేదు, రంగు మాత్రం ఘాటు. ఒత్తుగా, పొట్టిగా ఉండే కబుకి బ్రష్షు ఫౌండేషన్‌కి సరే, దీనికి వద్దు. అద్దినచోటే ఎర్రమచ్చ పడుతుంది. పల్చగా, వదులుగా, కొస సన్నబడి, బుగ్గ ఎముక కంటే చిన్నగా ఉన్నది తీసుకోండి. జంతువు వెంట్రుక మీద సన్నటి పొలుసులుంటాయి, అవి పొడిని ఎక్కువ పట్టుకుంటాయి. సింథటిక్ నునుపు కాబట్టి తక్కువ పడుతుంది. అచ్చు పౌడరుకు అది లోపమేమో గాని, ఈ పొడికి అదే మేలు. పైగా మన సముద్రపు చెమ్మలో కడిగాక తొందరగా ఆరుతుంది.

చిటికెడు పొడి మూతలో వేసి, బ్రష్షు తిప్పి, మూత అంచుకు తట్టి, అప్పుడు బుగ్గకు. పొడి ఎగిరేటప్పుడు ఊపిరి పీల్చకండి. వుజూ చేశాక తడి పూర్తిగా ఆరాలి, లేకపోతే చారలే. కడిగేది పిల్లల షాంపూతో, కొస కిందికి వంచి. పిడి దగ్గరి రేకు తొడుగులోకి నీళ్ళు దిగితే జిగురు వదిలి వెంట్రుకలు రాలతాయి.

పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళి సింథటిక్ బ్రష్షు తెచ్చాం. దుకాణం అబ్బాయి ఫలానాది అని చెప్పలేకపోతే అక్కడ కొనలేదు. ఇంటికి రాగానే ఫుప్పు కొత్తదాని నుంచి ఒక పోగు లాగి, సరాసరి వంటింట్లోకి నడిచింది. పూస కట్టింది. "ఇప్పుడు వెయ్యండి పిల్లకి," అంటూ తనే ముందు కూర్చుంది.