ఫ్లోరోక్వినలోన్ మందుల అమ్మకంపై వినతిపత్రం

గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి,
డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్, తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్.

విషయం: సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ తదితర మందుల విక్రయం, రోగులకు ఇవ్వాల్సిన హెచ్చరికల గురించి.

ఆర్యా,

విరేచనాలంటే మందుల షాపులో చీటీ అడగకుండా చేతిలో పెట్టే బిళ్ల చాలాసార్లు ఆఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్. మూత్రంలో మంటకు నార్‌ఫ్లాక్సాసిన్. ఇవన్నీ ఫ్లోరోక్వినలోన్ తరగతి యాంటీబయాటిక్‌లు. వీటిని నిషేధించమని మేము కోరడం లేదు. మందులకు లొంగని క్షయకు చేసే చికిత్సలో లీవోఫ్లాక్సాసిన్ ముఖ్యమైనది. విచ్చలవిడి వాడకంతో అది శక్తి కోల్పోకుండా పనిచేస్తూ ఉండాలనీ, రోగులకు హాని జరగకూడదనీ ఈ వినతి.

ఈ మందులతో కండరాలను ఎముకలకు కలిపే టెండన్లు, ముఖ్యంగా మడమ వెనుకది, వాచి తెగిపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వీటి లేబుళ్లపై తీవ్ర హెచ్చరిక చేర్పించింది. 60 ఏళ్లు దాటినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి ఈ ముప్పు ఎక్కువ. కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లు, మంటలు కొందరిలో శాశ్వతంగా మిగిలిపోవచ్చు. షుగర్ మందులు వాడేవారికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇతర యాంటీబయాటిక్‌లు తగనప్పుడే వీటిని రాయాలని 2024 జనవరిలో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ ఆంక్ష పెట్టింది.

కాబట్టి కోరుతున్నది:

1. వైద్యుని చీటీ లేకుండా ఈ మందులు అమ్మే షాపులపై తనిఖీలు జరపాలి. ఇవి చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్, హెచ్1 మందులు. అందువల్ల తనిఖీలకు కొత్త చట్టం అక్కర్లేదు.

2. 2014 మార్చి 1న అమల్లోకి వచ్చిన హెచ్1 జాబితాలో లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ ఉన్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ చేరలేదు. ఒకే తరగతి మందుల్లో కొన్నింటి అమ్మకాలనే హెచ్1 కింద ప్రత్యేక రిజిస్టర్‌లో నమోదు చేయడం ఎందుకో మాకు బోధపడలేదు. అన్నింటినీ హెచ్1లో చేర్చాలని కేంద్రానికి సిఫారసు చేయాలి.

3. ప్రతి అమ్మకంతో తెలుగులో ఒక చిన్న కాగితం ఇప్పించాలి. పది బిళ్లల షీటు కత్తిరించి నాలుగు ఇస్తే కంపెనీ కాగితమూ రాదు, షీటుపై ఉండే ఎర్రగీత హెచ్చరికా సగమే వస్తుంది. మడమ నొప్పి, తిమ్మిరి మొదలైతే మందు ఆపి వెంటనే వైద్యుణ్ణి కలవాలనీ, షుగర్ మందులు, స్టెరాయిడ్లు వాడుతుంటే ముందే చెప్పాలనీ అందులో ఉండాలి. యాంటాసిడ్, ఐరన్, కాల్షియంతో కలిపి మింగితే మందు సరిగా ఒంటికి పట్టదన్న సంగతి కూడా చేర్చాలి.

4. మందుల దుష్ఫలితాలను తెలియజేసేందుకు ఉన్న జాతీయ ఉచిత నంబరు 1800-180-3024ను ప్రతి షాపులో తెలుగులో ప్రదర్శింపజేయాలి. రోగులే నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

రెండో అంశం కేంద్రానికి తమరు రాసే లేఖతో మొదలవుతుంది. మిగిలినవాటికి తమ విభాగమే చొరవ చూపగలదు. తీసుకున్న చర్యలను లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
రోగులు, వారి కుటుంబ సభ్యులు