మనసు జబ్బు ఇంటి గుట్టు కాదు

పల్లెలో ఒక మనిషి నెలల తరబడి నిద్ర లేక, కూడు సయించక, గోడకేసి చూస్తూ కూచుంటే ఏమంటారు? గాలి సోకిందంటారు. పనిదొంగంటారు. చదువుకున్నోళ్ళయితే "మనసు గట్టి చేసుకో" అంటారు. కాలు విరిగినోడితో "కాలు గట్టి చేసుకో" అని ఎవరన్నా అంటారా?

బాపులపాడు మండలంలో మామిడి కూలి బతుకు చూడండి. పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టేది మనం. ఎండల్లో కాయ కోసి, సొనకి చేతులు కాల్చుకునేది మనం. కోతలైపోతే పని పోతుంది, అప్పు పోదు. అప్పిచ్చినోడు నలుగురిలో కులం పెట్టి తిడితే ఆ మాట రాత్రి నిద్రలోకొస్తుంది. మనసు జబ్బు ఉన్నోళ్ళకీ వస్తుంది, నిజమే. వాళ్ళు కారెక్కి విజయవాడ పోతారు. మనోళ్ళు తాయెత్తు కట్టించుకుంటారు. దీన్ని దయ్యం అంటే ఎవరికి లాభం? తిట్టినోడికి లాభం. డాక్టర్ని పంపని సర్కారుకి లాభం.

ఇంటి గుట్టు లంకకు చేటంటూ నోరు మూయిస్తారు. సారా గొడవ కూడా ఇంటి గొడవే అన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు దాన్ని వీధిలోకి తెచ్చారు. 1993లో సారా నిషేధం వచ్చింది. ఇంట్లో ఏడిస్తే ఏడుపే, వీధిలో అడిగితే అది హక్కు.

హక్కు కాగితం మీద ఉంది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా కార్యక్రమం పెట్టారు. అయినా 2015-16 జాతీయ సర్వేలో ఏం తేలింది? జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందలేదు. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు 28 మంది మంటల్లో కాలిపోయారు. 2017 చట్టం గొలుసులు వెయ్యొద్దంది. సర్కారు వైద్యం ప్రతి మనిషి హక్కంది. చావబోయి బతికినోళ్ళని శిక్షించకూడదు, సర్కారే చూసుకోవాలంది. పోలీసు కేసని భయపడి ఆసుపత్రికి పోకుండా ఆగొద్దు.

సంఘాలోళ్ళకీ ఒక మాట. ధర్నాకి లారీలు మాట్లాడతారు. మీటింగులకి రావడం మానేసిన కుర్రాడి గడప తొక్కరేం? "అది వాడి సొంత విషయం" అంటారా? అవమానం కులానిది, కుంగుబాటు మాత్రం వాడి సొంతమా?

అయ్యే పనే ఇది. పక్క పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలకి శిక్షణిచ్చి, కుంగినోళ్ళని గుర్తుపట్టి పిహెచ్‌సి డాక్టరు దగ్గరికి చేర్చారు. జింబాబ్వేలో 2006 నుంచి ముసలమ్మలు బెంచీ మీద కూచుని జనం బాధలు వింటున్నారు. మన పల్లెల్లో అమ్మమ్మలు లేరా, అరుగులు లేవా?

ఏం చెయ్యాలి?

పిహెచ్‌సికి నెలనెలా మనసు డాక్టరు రావాలని, మందులు అక్కడే ఊరికే ఇవ్వాలని మండలాఫీసు ముందు కూచుందాం.

ప్రతి పల్లెలో ఒక అక్క, ఒక అన్న ఈ పని మీదేసుకోవాలి. కుంగినోళ్ళింటికి పోయి సలహాలు మాని వినాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, బరువు దిగుతుంది. ఔనంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, ఆసుపత్రికి తీసుకుపోండి. పురుగుమందు డబ్బాలు ఇళ్ళల్లో పెట్టుకోవద్దు. అవి తోట యజమాని దగ్గరే తాళంలో ఉండాలి.

14416కి ఫోను చెయ్యండి. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, పైసా అడగరు.

కూలి కోసం కలిసినోళ్ళం, మనిషి కోసం కలవలేమా?