ముందు ఆగడం నేర్పండి

అత్తిబెలెలో కాపురముంటున్న తెలుగు అమ్మానాన్నలారా,

బడికి సెలవిస్తే చాలు, మన వీధుల నిండా సైకిళ్లే. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కానీ మనమున్నది ఎలాంటి చోటో మరిచిపోకూడదు. బెంగళూరు నుంచి హోసూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది. ఒకవైపు టోల్‌గేటు, ఒకవైపు పారిశ్రామికవాడ, నాలుగడుగులు వేస్తే తమిళనాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది. కొత్తగా తొక్కే పిల్ల బ్రేకు కోసం తడుముకునేలోపే అది మీదికొచ్చేస్తుంది.

మొన్నామధ్య సర్వీసు రోడ్డు మీద ఓ పిల్లవాణ్ని చూశాను. పదేళ్లుంటాయేమో. చేతులు వదిలి తొక్కడం నేర్చుకుంటున్నాడు. టిప్పర్లలోంచి రాలిన ఎం-శాండ్ ఇసుక రోడ్డు అంచున పేరుకుని ఉంది. ముందు చక్రం అందులోకి దిగగానే హ్యాండిల్ గిర్రున తిరిగింది. మోకాలూ మోచెయ్యీ గీరుకుపోయాయి. వెనక వస్తున్న వ్యాన్ డ్రైవరు సమయానికి ఆపాడు కాబట్టి అంతటితో పోయింది. లేపి కూర్చోబెడితే, "రేపటికి వచ్చేస్తుంది అంకుల్" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. అంత పట్టుదల ఉన్నవాడికి నేర్చుకునే చోటు చూపించలేకపోయామే అని మనసు చివుక్కుమంది.

ఆదివారం ఖాళీగా ఉంటాయని పారిశ్రామికవాడ రోడ్లకు తీసుకెళ్లేవాళ్లున్నారు. అక్కడ వరసగా నిలిపిన లారీలుంటాయి. ఎత్తైన క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకు బండికి ఆనుకున్నట్టు ముందరో, ఎడమ పక్కనో ఉన్న పిల్లలు కనిపించరు. ఆగి ఉన్న లారీ ఎప్పుడు కదులుతుందో మనకూ తెలియదు. దయచేసి ఆ పక్కన నేర్పకండి.

నేర్పే తీరు కూడా కాస్త మార్చుకుందాం. మనమంతా వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తి, చెప్పకుండా వదిలేసే పద్ధతిలో నేర్చుకున్నవాళ్లమే. అంతకన్నా సులువైనది ఉంది. పెడళ్లు విప్పేసి, రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది; కుడివైపుకి తిప్పితేనే ఊడుతుంది. పిల్లలు కాళ్లతో నేలను తన్నుకుంటూ పోతారు, బ్యాలెన్స్ దానంతటదే వస్తుంది. జర్మనీలో డ్రైస్ అనే ఆయన 1817లో చేసిన రెండు చక్రాల బండి కూడా ఇలా పెడళ్లు లేకుండా నడిచిందే.

పెడళ్లు మళ్లీ బిగించాక ముందుగా నేర్పాల్సింది వేగం కాదు, ఆగడం. నేల మీద సుద్దతో గీత గీసి, దాని దగ్గర ఆగమనండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే బండి పల్టీ కొడుతుంది. రెండూ కలిపి మెల్లగా బిగించాలి. వాన పడ్డాక రిమ్ములు తడిసి బ్రేకు జారుతుంది, ఇంకా ముందే పట్టాలి. గీత దగ్గర పదిసార్లు సరిగ్గా ఆగినవాళ్లకే ఒంటిచేత్తో తొక్కడం, వెనక్కి తిరిగి చూడటం నేర్పండి. చున్నీ, వదులు ప్యాంటు చైన్లో పడకుండా చూడండి. హెల్మెట్ పెడితే సరిపోదు, గడ్డం కింద పట్టీ బిగించాలి.

కర్ణాటక ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్లివ్వడం 2006-07లో మొదలుపెట్టింది. మంచి పని. సైకిలుతోపాటు తొక్కడంలో శిక్షణ కూడా ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేది. నెదర్లాండ్స్‌లో ప్రాథమిక బడి చివరి ఏళ్లలో పిల్లలకు ట్రాఫిక్ పరీక్ష పెడతారు, సైకిలు తొక్కించి మరీ చూస్తారు. మన పిల్లలకు ఆ పాటి పాఠం చెప్పలేమా?

బడుల యాజమాన్యాలకు మనవి: ఆదివారం ఉదయం రెండు గంటలు మీ మైదానం గేటు తెరవండి. కాపలాకు తల్లిదండ్రులమే వంతులవారీగా నిలబడతాం. ఫ్యాక్టరీలవాళ్లు సెలవు రోజున తమ పార్కింగ్ స్థలం ఇచ్చినా మహోపకారమే. లారీ డ్రైవరన్నలూ, బండి కదిపే ముందు ఒక్కసారి కిందికి దిగి ముందూ పక్కనా చూడండి.

అమ్మానాన్నలూ, ఈ రాత్రే మీ పిల్లల సైకిలు బ్రేకు రబ్బర్లు చూడండి. అరిగిపోయి ఉంటే, మార్పించేదాకా సైకిలు ఇంట్లోనే ఉండనివ్వండి.