శ్రమ, ఆకలి, పళ్లెం

నడక మొదలుపెట్టాక ఆకలి పెరిగిందనీ, అందుకే బరువు తగ్గడం లేదనీ మా మాక్లూర్‌లో ఫజ్ర్ నమాజు తరువాత నడిచే సోదరులు కొందరు అంటుంటారు. శ్రమ లేనివానికి ఆకలీ ఉండదని మరికొందరి వాదన. ఈ రెండు మాటలలో నిజమెంతో పరిశీలిద్దాం.

1956లో జీన్ మేయర్, ఆయన సహచరులు పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లుకు చెందిన 213 మందిని పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. బరువులు మోసేవారు తమ శ్రమకు తగినంత తిన్నారు. తేలికపాటి పని చేసేవారు తక్కువ తిన్నారు. అయితే కదలకుండా కూర్చునే దుకాణదారులు, తేలికపాటి పనివారికన్నా ఎక్కువ తిన్నారు; బరువూ వారికే ఎక్కువ. కదలిక బొత్తిగా లేనిచోట ఆకలి తన కొలతను కోల్పోతుందని దీనివల్ల అర్థమవుతుంది.

వేగంగా నడిచినా, పరుగెత్తినా వెంటనే ఆకలి పెరగదు. ఆకలిని రేపే ఘ్రెలిన్ అనే హార్మోన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. తీవ్రమైన వ్యాయామం దానిని కొంతసేపు అణచివేస్తుంది. ఆ ప్రభావం కొద్ది గంటలలో తీరిపోతుంది. ఆ పిదప ఖర్చయిన శక్తిలో కొంత భాగాన్ని శరీరం తిరిగి కోరుతుంది. ఎంత కోరుతుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది.

మన ప్రాంతపు కథ కూడా ఇదే. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. చెరుకు నరికినవారికి, మోపులు మోసినవారికి నిండు పళ్లెం న్యాయమైన హక్కు. 2015లో కర్మాగారం మూతపడింది. తండ్రి పళ్లెం దుకాణంలో కూర్చునే కుమారునికి వారసత్వంగా దక్కింది; తండ్రి శ్రమ మాత్రం దక్కలేదు. షుగర్ వ్యాధి ఇంటింటి మాటగా మారడంలో ఈ వారసత్వానికీ భాగముంది.

అరగంట నడకతో ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. తీపి ఛాయ్, రెండు బిస్కెట్లు దానిని దాదాపు పూడ్చివేస్తాయి. కనుక నడకను తిండికి అనుమతిపత్రంగా భావించరాదు. నడిచి వచ్చాక ముందు నీరు త్రాగి, కాసేపు ఆగి, అప్పుడు భుజించడం మేలు. కడుపులో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు శ్వాసకు అన్న దైవప్రవక్త (స) బోధ ఇక్కడ మనకు కొలమానం. నడక పురుషులకే పరిమితం కాదు. ఇంటి స్త్రీలకూ అందుకు సమయం కల్పించడం కుటుంబ బాధ్యత.

ఒక హెచ్చరిక. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారికి నడకలో వణుకు, చెమటలతో ఆకలి పుడితే అది మామూలు ఆకలి కాదు. రక్తంలో చక్కెర పడిపోతున్నదన్న సూచన. వెంటనే తీపి పదార్థం తీసుకోవాలి. ఉపవాసంలోనైనా అప్పుడు విరమించడమే ధర్మం. అటువంటివారు రమజాన్‌కు ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి.

శరీరం మనకు అప్పగింత. దానిని కదిలించడం, దాని ఆకలిని కొలతలో ఉంచడం రెండూ ఆ అప్పగింతను కాపాడటమే.