నాన్న కోసం కొన్న పొడి డబ్బా

పోయిన ఎండాకాలం సెలవుకి భద్రాచలం వెళ్తూ నాన్న కోసం ఎల్-ఆర్జినైన్ పొడి డబ్బా ఒకటి కొన్నాను. నాన్నకి రెండేళ్ళ కింద గుండెపోటొచ్చి స్టెంట్ వేశారు. పొట్ట మాత్రం తగ్గలేదు. "ఇది రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది బాస్" అని జిమ్‌లో ఒకతను చెప్పాడు.

నెట్‌లో చూస్తే లాజిక్ కూడా బానే కుదిరింది. ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి రక్తనాళాల లోపొర నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసుకుంటుంది. దాంతో నాళం వదులై రక్తం తేలిగ్గా పారుతుంది. ఈ నైట్రిక్ ఆక్సైడ్ సంగతి తేల్చినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ ఇచ్చారు. ఇంకేం కావాలి, కొనేశా!

ఖమ్మంలో బస్సెక్కాక తోచక ఫోన్‌లో ఇంకాస్త చదివాను. కొత్తగూడెం దాటి అడవి మొదలయ్యేసరికి చెమటలు పట్టాయి. ఎండకి కాదు. 2006లో జామా పత్రికలో వచ్చిన 'వింటేజ్ ఎంఐ' పరీక్ష గురించి చదివి. గుండెపోటు వచ్చిన 153 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఆరు నెలలపాటు రోజుకి 9 గ్రాముల ఆర్జినైన్, రెండో జట్టుకి ఉత్తుత్తి మందు ఇచ్చారు. నాళాల బిరుసు తగ్గలేదు సరికదా, ఆర్జినైన్ జట్టులో 6గురు చనిపోయారు, రెండో జట్టులో ఒక్కరూ లేరు. కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపేశారు. చిన్న పరీక్షే, ఆర్జినైనే చంపిందని తేలిపోలేదు. కానీ గుండెపోటు వచ్చినవాళ్ళకి ఇది ఇవ్వొద్దని మాత్రం ఆ డాక్టర్లే రాశారు.

మరి లాజిక్ ఎక్కడ తప్పింది? ఊబకాయంలో ఆర్జినేజ్ అనే ఎంజైము పెరిగి ఆర్జినైన్‌ని మధ్యలోనే విరిచేస్తుంది. తయారైన నైట్రిక్ ఆక్సైడ్‌ కూడా నిలవదు. మెమరీ లీక్ ఉన్న ప్రోగ్రాంకి ఇంకో ర్యామ్ కొనిపెట్టినట్టన్నమాట. బగ్ అలాగే ఉంటుంది.

సిట్రులిన్ నయం కదా అంటారు. పుచ్చకాయలో ఉండేది అదే. కాలేయాన్ని తప్పించుకుని మూత్రపిండాల్లో ఆర్జినైన్‌గా మారుతుంది, నిజమే. చిన్న చిన్న పరీక్షల్లో బీపీ కాస్త తగ్గింది కూడా. గుండెపోట్లు తగ్గాయని మాత్రం ఎవరూ చూపించలేదు. అలాగని సుగరున్న మనిషికి పుచ్చకాయలు కోసి పెట్టలేం!

నా కోపమల్లా ఒకటే. ఇలాంటి డబ్బాల మీద 'ఔషధంగా వాడరాదు' అని రాయాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. నేను కొన్నదాని మీదా ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. అమ్మేవాడు మాత్రం మందులాగే అమ్ముతాడు. డాక్టర్‌ని ఒక్క మాట అడగకుండా మనమూ అలాగే కొంటాం, నాలుగు పేజీలు చదివిన ధైర్యంతో.

ఇంటికెళ్ళాక టేపు తీశాను. మన మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. నాన్నది 104. "నీదీ చూడరా" అంది అమ్మ. 93!

నడిచినప్పుడు రక్తం జోరుగా పారి, ఆ ఒరిపిడికి నాళాల గోడే నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ చేసుకుంటుంది. డాక్టర్ నడవమన్నది రెండేళ్ళ కిందటే, మేమే వినలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరం గోదావరి కరకట్ట మీదికి బయల్దేరాం.

"డబ్బా ఎంతైందిరా?" అని నాన్న మూడుసార్లు అడిగారు. చెప్పలేదు. మళ్ళీ గుండెపోటు తెప్పించడం ఎందుకని.