యువజన సంఘముల విషయమై జిల్లా కలెక్టరుగారికి బహిరంగ లేఖ

అయ్యా,

బడి విడిచిన గ్రామీణ యువజనులకొరకు 1972లో ప్రభుత్వము స్థాపించిన నెహ్రూ యువ కేంద్రముల ఆశ్రయమున మన పల్లెలలో వెలసిన యువజన సంఘములలో కొన్నింటికి నేడు బోర్డు మాత్రమే మిగిలియుండుట తమ కెరుకయే.

సాయంకాలమున సంఘపు గదిలో జరుగునది, పైకి చూచువారికి, ఉత్త క్యారమ్స్ ఆట. కాని పదవ తరగతి తప్పి, తండ్రి యెదుట నోరు మెదపజాలని కుర్రవాడు, స్ట్రైకరుతో గురిచూచుచునే, ప్రక్కనున్న కార్యకర్తతో తన గోడు వెళ్ళబోసికొనును. ఆ కార్యకర్త, హితబోధకు దిగక, మరునాడు ఓపెన్ స్కూలు దరఖాస్తు తెచ్చి, వానిచేతనే పూర్తిచేయించును. ఇది ఏ నివేదికకును ఎక్కదు (నివేదికలు వ్రాయువారితో నాకు పేచీ లేదు, వారి యుద్యోగము వారిది).

వాలీబాలు వల పంచి, ఫొటో తీయించుకొని వెడలుట సులభము. వల చినిగినచో మరియొకటి కొనవచ్చును; పిల్లలను పేరుపేరున ఎరిగిన మనిషి ఏటేట మారినచో వారి నమ్మకము నిలువదు. తోడుగా ఒక స్త్రీ కార్యకర్త లేనిచోటికి ఆడపిల్లలను తల్లిదండ్రులు అసలే పంపరు.

కావున, యువజన కార్యక్రమముల జిల్లా సలహా సంఘమునకు అధ్యక్షులైన తాము, రాబోవు సమావేశమున, క్రీడాసామగ్రికంటె ముందు కార్యకర్తల గౌరవవేతనమును, కొనసాగింపును చర్చకు దెచ్చి, ప్రతి మండలమునను ఒక స్త్రీ కార్యకర్తను నియమింపజేయవలసినదిగా ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు